ఆడవేషం – ఆడమాట

నాటకమంటే మనలో చాలామందికి తెర, దీపాలు, మైకు, వార్షికోత్సవం నాడు అర్ధరాత్రి దాకా సాగే ఏకాంకికల పోటీ గుర్తుకు వస్తాయి. కాని మన తిరుపతిలో తెరా లేకుండా, టిక్కెట్టూ లేకుండా, ఏటా మే నెలలో వారం రోజుల పాటు ఒక నాటకం వీధుల్లోనే జరిగిపోతూ ఉంటుంది. దాని నాయిక ఈడొచ్చిన ఒక పిల్ల. ప్రతినాయకుడు ఊరిమీద అధికారం గుప్పిట్లో పెట్టుకొన్న మగవాడు. ఇతివృత్తం ఆడపిల్లల మానం, దానికోసం జరిగిన పోరాటం. అదే తాతయ్యగుంట గంగమ్మ జాతర.

జాతర భక్తులకు మొక్కు, పిల్లలకు తిరునాళ్ళు, అంగళ్ళవాళ్ళకు గిరాకీ. ఈ వ్యాసంలో దానిని నాటకంగా చూద్దామని నా ప్రయత్నం. అలా చూసినంత మాత్రాన భక్తికి వచ్చే లోటేమీ లేదు. పోల్చి చూసుకోవడానికి సముద్రాల అవతల, కరీబియన్ దీవుల్లోని జమైకాలో 1977లో పుట్టిన ఒక స్త్రీల నాటక బృందాన్ని కూడా తోడు తెచ్చుకొంటున్నాను. ఆ నల్లజాతి కూలి స్త్రీలకూ మన గంగమ్మకూ చుట్టరికం ఏమబ్బా అని ఎవరైనా అడగవచ్చు. చుట్టరికం ఉంది. అది వేషంలో ఉంది.

కథ ఇదీ

తిరుపతిని ఒకప్పుడు ఒక పాలెగాడు ఏలుతూ ఉండేవాడంట. ఊర్లో ఈడొచ్చిన పిల్ల, కొత్తగా పెళ్ళయిన పిల్ల ఎవరైనా సరే, వాడి కంటబడితే ఇక అంతే. అడిగేవాడు లేడు. అటువంటి కాలంలో ఊరికి ఆనుకొని ఉన్న అవిలాలలో గంగమ్మ పెరిగింది. ఆమె ఈడేరింది. పాలెగాడి కన్ను ఆమెమీద పడింది. అందరిలాంటి పిల్లే గదా అని చెయ్యి వేయబోతే ఆమె తన విశ్వరూపం చూపించింది. వాడు పరుగెత్తి ఎక్కడో దాక్కొన్నాడు. వాణ్ణి బయటికి రప్పించడానికి ఆమె రోజుకొక వేషం కట్టి ఊరంతా తిరిగింది. చివరకు దొర వేషంలో వచ్చింది. తనకంటె పైవాడు వచ్చినాడనుకొని పాలెగాడు నమస్కారం పెట్టడానికి బయటికి వచ్చినాడు. గంగమ్మ వాడి తల నరికింది.

జనం నోళ్ళలో ఈ కథకు పాఠాంతరాలు చాలా ఉన్నాయి. అన్నిటిలోనూ మారకుండా ఉన్నవి మూడు: ఆడపిల్లల మీద దౌర్జన్యం, ఒక పిల్ల ఎదురు తిరగడం, వేషం. పాలెగాళ్ళ పెత్తనం 19వ శతాబ్దం మొదట్లోనే కుంపిణీ సైన్యాల చేతిలో అణగిపోయింది. కాని వాళ్ళను గురించిన భయం, కోపం రాయలసీమ జనం కథల్లో నిలిచిపోయినాయి. ఆ కోపం ఇక్కడ ఆడపిల్ల పక్షాన నిలబడడమే ఈ కథ విశేషం.

వేషాల వరుస

జాతర చాటింపుతో మొదలవుతుంది. అవిలాల నుంచి పుట్టింటి సారె వస్తుంది. చాటింపు పడినాక జాతర ముగిసేదాకా ఊరివాళ్ళు పొలిమేర దాటి రాత్రి నిద్ర చేయకూడదని పూర్వపు కట్టుబాటు. అంటే ప్రేక్షకులను కూడా నాటకంలోకి లాగేసుకొంటారన్నమాట.

ఆ తర్వాత రోజుకొక వేషం. మొదట బైరాగి వేషం: ఒళ్ళంతా తెల్లగా నామపు సుద్ద పూసుకొని రెల్లకాయల దండలు వేసుకొంటారు. తరువాత బండ వేషం: ఒంటికి కుంకుమ, నోటికి బూతు. ఆ రోజు ఎదురుపడిన వాళ్ళను నోటికొచ్చినట్టు తిడతారు. తిట్టించుకొన్న వాళ్ళు దానిని దీవెనగా తీసుకొంటారు. మూడవది తోటి వేషం: ఒళ్ళంతా బొగ్గు, వేపాకు. నాలుగవది దొర వేషం: చందనపు పూత. అటుపైన మాతంగి వేషం, సున్నపు కుండలు. చివరి రోజు అసలు జాతర. గోపురాల్లాంటి సప్పరాలు తలమీదికి ఎత్తుకొని భక్తులు గుడికి వస్తారు. మరునాడు తెల్లవారకముందే గుడి ముందర మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపం, చెంప నరకడం. ఆ మట్టి పిడికెడు దొరికితే చాలునని జనం తోసుకొంటారు.

ఊరి తరఫున ఈ వేషాలు వరుసగా కట్టి ఇంటింటికీ తిరిగే హక్కు కైకాల వంశస్థులది. వీరుగాక వేలమంది మగవాళ్ళు మొక్కుకొని వేషాలు వేస్తారు. చీర కట్టి, జడ వేసి, గాజులు తొడిగి, పూలు ముడుచుకొని గుడికి వచ్చే మగవాళ్ళతో వీధులు నిండిపోతాయి. నిన్నటిదాకా మీసం మెలేసినవాడు ఆ రోజు కొంగు సర్దుకొంటూ నడుస్తాడు, నవ్వేవాడు లేడు. 2024 డిసెంబరులో విడుదలైన ‘పుష్ప-2’ సినిమాలో కథానాయకుడు జాతర వేషంలో చీర కట్టి ఆడిన ఘట్టం తర్వాత ఈ సంగతి దేశమంతటికీ తెలిసింది.

ఇప్పుడు ఈ వరుసను నాటకంగా గమనించండి. గంగమ్మ కట్టిన వేషాలలో బైరాగి, తోటి, దొర మగవాళ్ళవి. పాలెగాడు బైరాగికి బయటికి రాలేదు. తోటికి రాలేదు. దొర వచ్చినాడంటే వచ్చినాడు. అధికారం అధికారానికి మాత్రమే తల వంచుతుందని దీనికంటె తేటగా చెప్పిన నాటకకర్త ఎవరు? పైగా ఇక్కడ వేషంలో వేషం ఉంది. దొర వేషం కట్టేది మగవాడే. కాని అతడు దొరగా నటించడం లేదు, దొరగా నటించే గంగమ్మగా నటిస్తున్నాడు. మగవాడు ఆడదైపోయి, ఆ ఆడది మళ్ళీ మగవేషం కట్టి, మగ అహంకారం తల నరుకుతుంది. ఇంత చిక్కని కల్పన మన రంగస్థలం మీద ఎన్ని నాటకాల్లో చూస్తాం?

వేషం ఎవరిది?

ఈ జాతరను పరిశోధించిన విదేశీ పండితులు కూడా ఈ చిక్కుముడి దగ్గరే ఆగినారు. డాన్ హాండెల్మన్ 1995లో ప్రచురించిన వ్యాసంలో జాతర వల్ల మగవాడిలో కలిగే మార్పును గురించి చర్చించినాడు. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు జాయిస్ ఫ్లూకిగర్ తిరుపతిలో ఏళ్ళ తరబడి ఆడామగా అందరితో మాట్లాడి 2013లో ఒక పుస్తకమే ప్రకటించింది. జాతర రోజుల్లో లోకమంతా స్త్రీమయమైపోతుందని ఆమె వాదన. మగవాళ్ళు చీరలు కట్టి వీధిలోకి వస్తే, ఆడవాళ్ళు వేషాలు కట్టరు. ఏడాది పొడుగునా చేసే పనులే మరింత నిష్ఠగా చేస్తారు: పొంగలి పెడతారు, అంబలి కాచి పోస్తారు, అమ్మవారికి పసుపు కుంకుమలు ఇస్తారు. గంగమ్మ శక్తి వారిలో సహజంగా ఉన్నదే కనుక వారికి వేషంతో పని లేదు. వేషం అవసరమైనది అది లేనివాడికే!

ఈ వివరణలో లోతు ఉంది. ఉగ్రంగా ఉన్న అమ్మవారిని మగవాళ్ళు దూరం నుంచి దండం పెట్టుకొంటే, ఆడవాళ్ళు ఇంటి పిల్లను చూసినట్టు చూడగలుగుతారు. తిరుమల వెంకన్నకు గంగమ్మ చెల్లెలని నమ్మకం. జాతరకు తిరుమల నుంచి కూడా సారె వస్తుంది. ఆడపడుచుకు పుట్టింటి ఆదరణ ఎంత ముఖ్యమో తెలిసిన స్త్రీలకు ఆ సారె విలువ వేరే చెప్పనవసరం లేదు.

అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. ఇది ఈడొచ్చిన ఆడపిల్ల కథ గదా! ఆ కథను వీధిలో కట్టి చూపేది ఎవరు? మగవాడు. బూతులు తిట్టి కోపం వెళ్ళగక్కే హక్కు ఎవరిది? బండ వేషం కట్టిన మగవాడిది. మామూలు రోజుల్లో ఒక ఆడపిల్ల తనను వెంటాడి వేధించేవాణ్ణి నడివీధిలో నోరు తెరిచి తిడితే ఏమంటారు? గయ్యాళి అంటారు. నోరున్న పిల్ల అంటారు. గంగమ్మకు ఉన్న నోరు గంగమ్మ పేరు పెట్టుకొన్న పిల్లకు లేదు. పూజకూ బతుకుకూ మధ్య ఉన్న ఈ దూరాన్ని నాటకం తగ్గించగలదా అన్నదే ఈ వ్యాసం పట్టుకొన్న విషయం.

వాకిట్లోని నాటకం

ఆడవాళ్ళకు సొంత నాటకమే లేదని నా భావం కాదు. ఉంది. అది వీధిలో గాక వాకిట్లో ఉంది. పిల్ల పెద్దమనిషైతే పచ్చాకుల గుడిసె కట్టి, చాప వేసి కూర్చోబెట్టి, చిమ్మిలి తినిపించి, అమ్మలక్కలు చేరి పాటలు పాడి హారతులిస్తారు. ఆ పాటల్లో సరసం, వెక్కిరింత, హెచ్చరిక అన్నీ ఉంటాయి. వదినలు, అత్తలు చిన్న చిన్న వేషాలు కట్టి నవ్విస్తారు. అదంతా నాటకమే. కాని ఆ వేడుకలో నడుమ కూర్చొన్న పిల్లకు మాట్లాడే పాత్ర లేదు. తల వంచుకొని కూర్చోవడమే ఆమె పాత్ర. ఆ రోజుతో ఆట ఆగుతుంది, కొందరికి చదువూ ఆగుతుంది; ఆ సంగతి ఏ పాటలోనూ రాదు.

మన జిల్లాల పల్లెల్లో వేసవిలో జరిగే భారతం తిరునాళ్ళలోనూ ఇంతే. ధర్మరాజుల గుడి ముందర పగలు హరికథ, రాత్రి వీధినాటకం. కురుసభలో అవమానం పొందిన ద్రౌపది విరబోసిన జుట్టుతో శపథం చేస్తుంది. ఆఖరి రోజున నేలమీద మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి తొడ భీముడు విరుగగొడతాడు. అప్పుడు ఆమె జుట్టు ముడి వేసుకొంటుంది. అది చూసి కంట తడి పెట్టని ఆడమనిషి ఉండదు. ఆ ద్రౌపది కూడా అనాదిగా మగ వేషగాడే. ఆడదాని అవమానాన్ని, ఆగ్రహాన్ని మన వీధి ఇంత గొప్పగా గుర్తు పెట్టుకొన్నది. ఆడదాని నోటిని మాత్రం అరువు తెచ్చుకొన్నది.

జమైకాలో జరిగినది

ఇక జమైకా సంగతి. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషుల చెమటతో చెరకు తోటలు పండిన దీవి అది. అక్కడ బానిసల కాలం నుంచి క్రిస్మస్ రోజుల్లో ‘జాంకొను’ అనే వేషాల ఊరేగింపు ఒకటి జరుగుతుంది. గుర్రపు తల, ఆవు తల, దయ్యం, ఒళ్ళంతా గుడ్డ పీలికలు కట్టుకొన్న పిచీ పాచీ, ఇలా ఎన్నో వేషాలు. వాటిలో ‘బెల్లీ వుమన్’ ఒకటి. అంటే నిండు చూలాలు. కడుపుమీద గుడ్డలు కుక్కుకొని మగవాడే ఆ వేషం కట్టి, పొట్ట ఊపుతూ ఆడి నవ్విస్తాడు. చూశారా, మగవాడు ఆడవేషం కట్టే వీధి అక్కడా ఉంది!

1977లో రాజధాని కింగ్‌స్టన్‌లో 13 మంది స్త్రీలు ఒక బృందంగా ఏర్పడ్డారు. వారు చదువుకొన్న నటీమణులు కారు. ప్రభుత్వం పేదలకు పని చూపించే పథకంలో వీధులు ఊడ్చినవాళ్ళు. కార్మిక వారోత్సవానికి ఒక నాటకం వేయాలని నాటక విద్యాలయానికి సాయం కోసం పోయినారు. ఆనర్ ఫోర్డ్-స్మిత్ అనే అధ్యాపకురాలు తోడు వచ్చింది. దేని మీద నాటకం వేద్దామంటే, ఆడవాళ్ళుగా మేము పడే బాధల మీదనే అన్నారట. దుస్తుల ఫ్యాక్టరీలో కార్మిక స్త్రీలు సంఘం కట్టుకోవడం వారి మొదటి నాటకానికి వస్తువు. బృందానికి వారు పెట్టుకొన్న పేరు ‘సిస్ట్రెన్’. వారి వాడుక భాషలో అక్కచెల్లెళ్ళు అని అర్థం.

1978లో వారు ‘బెల్లీవుమన్ బాంగరాంగ్’ అనే నాటకం వేశారు. బాంగరాంగ్ అంటే గలాటా. పదిహేను పదహారేళ్ళకే తల్లులైపోయే పిల్లల కథ అది. బృందంలో చాలామంది తమ చిన్నతనంలో అనుభవించినదే. ఒళ్ళు మారుతున్నప్పుడు తల్లి ఏమీ చెప్పదు, చెప్పకపోగా అనుమానిస్తుంది. బయట మగవాడు కాపు వేసి ఉంటాడు. కడుపు వస్తే తప్పు పిల్లది. ఇది వారు నాటకంగా ఎట్లా మలిచినారంటే, ముందుగా ఎవరి కథ వారు నోటితో చెప్పుకొన్నారు. రాయడం చదవడం అందరికీ సరిగా రాదు కాబట్టి నోటిమాటే ఆధారం. చెప్పినదానిని ఆడి చూశారు. చిన్నప్పుడు గుండ్రంగా తిరుగుతూ ఆడుకొన్న ఆటలు, పాటలు, పొడుపుకథలు అందులో కలిపినారు. జాంకొనులో మగవాడు కట్టి నవ్వించే చూలాలి వేషాన్ని ఈ స్త్రీలు తమ చేతుల్లోకి తీసుకొన్నారు. నిన్నటిదాకా నవ్వించిన పొట్టే ఆ పూట జనాన్ని ఆలోచనలో పడేసింది.

తరువాత ‘నానా యా’ నాటకంలో, 18వ శతాబ్దంలో కొండల్లోకి పారిపోయిన బానిసలను కూడగట్టి ఇంగ్లీషు సైన్యంతో పోరాడిన నానీ అనే వీరనారిని వేదిక మీదికి తెచ్చారు. 1980లో కింగ్‌స్టన్‌లోని ఒక వృద్ధాశ్రమం తగలబడి నూటికి పైగా వృద్ధ స్త్రీలు చనిపోతే, 1981లో దానిమీద నాటకం వేశారు. 1986లో బృంద సభ్యుల జీవిత కథలే ‘లయన్‌హార్ట్ గాల్’ అనే పుస్తకంగా వచ్చినాయి. ఇదంతా దొరల ఇంగ్లీషులో గాక, తాము సంతలో, వీధిలో మాట్లాడే జమైకా వాడుకభాషలో నడిపించడం వారి పట్టుదల. ఆ భాషను చదువుకొన్నవారు మొరటు భాష అనేవాళ్ళు. మొరటు బతుకు చెప్పడానికి మొరటు భాషే కావాలని వీరి జవాబు.

మనకూ దారి ఉంది

జమైకాను చూసి మనం చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. మన సీమలోనే, కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు ‘కీచక వధ’ నాటకం వేసినప్పటి నుంచి సురభి కుటుంబాల స్త్రీలు వేదిక ఎక్కినారు. మగపాత్రలు కూడా ధరించినారు. కీచకవధ కథ ఏమిటో జ్ఞాపకం చేసుకోండి. అదీ ఆడదానిమీద చెయ్యి వేయబోయినవాడి చావే. తాడిపత్రిలో పుట్టి బళ్ళారిలో వకీలుగా ఉన్న రాఘవ (1880–1946) చదువుకొన్న స్త్రీలు నాటకాల్లోకి రావాలని పట్టుబట్టి, కొమ్మూరి పద్మావతీదేవి వంటివారితో కలిసి నటించినాడు. 1940లలో మోటూరి ఉదయం స్త్రీల బుర్రకథ దళం నడిపింది. కొండపల్లి కోటేశ్వరమ్మ దాదాపు ఏడు పదుల తర్వాత, 2012లో, తన కథను ‘నిర్జన వారధి’గా తానే రాసుకొన్నది.

మరీ దగ్గరి ఉదాహరణ మన పొరుగున ఉన్న నెల్లూరు జిల్లాలో ఉంది. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో కళాజాతాలు ఊరూరా తిరిగినాయి. రాత్రి బడిలో కూర్చొన్న స్త్రీలు తమ వాచకంలో సీతమ్మ అనే ఆడమనిషి కథ చదివినారు. తాగుబోతు మొగుడి కథ. అది చదివి, ఇది మన కథే గదా అనుకొన్నారు. దూబగుంట స్త్రీలు సారా అంగడిని మూయించినారు. ఆ మంట రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధానికి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికి దారి తీసింది. 1997లో మద్యనిషేధం సడలిపోయిన మాట నిజమే. అయినా ఒక కథలో తన ముఖం తాను చూసుకొన్న ఆడమనిషి ఏం చేయగలదో దూబగుంట చూపించింది. కింగ్‌స్టన్ వీధులు ఊడ్చిన స్త్రీలు చేసినదీ అదే.

కళాశాల వేదిక మీద

ఇంతకీ మన సంగతి ఏమిటి? 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వెలసిన ఊరు ఇది. పీలేరు, పుంగనూరు, సత్యవేడు, కుప్పం పల్లెల నుంచి పిల్లలు ఇక్కడికి చదువుకు వస్తున్నారు. చాలామంది తమ ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళు. ఈడేరిన నాడు బడి మాన్పిస్తామంటే ఏడ్చి, అలిగి, మేనమామను పెళ్ళాడమంటే కాదని, వచ్చినవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఒక్కొక్కరిదీ ఒక్కొక్క నాటకం. కాని మన వార్షికోత్సవ వేదిక మీద ఆడపిల్ల పాత్ర చాలాసార్లు కట్నం లేక ఏడ్చే చెల్లెలు, లేదా హాస్యం కోసం పైట సవరించుకొనే మగ వేషగాడు. జాతరలో చీర కట్టిన మగవాడికి మొక్కు ఉంది, నిష్ఠ ఉంది. మన వేదికమీది ఆ వేషానికి ఏముంది? నవ్వించడం తప్ప ఏమీ లేదు.

జాతరలో మగవాళ్ళు వేషం మానుకోవాలని నేను అనడం లేదు. ఏడాదికొక్కసారైనా మగవాడు చీర కట్టి, తానొక ఆడదానినని తలచి తల వంచే ఆచారం లోకంలో ఎన్ని ఊళ్ళకు ఉంది? అది మన ఊరి సంపద. దానికి జంటగా రెండవది రావాలి. ఆడవేషం పక్కన ఆడమాట రావాలి.

దానికి పెద్ద సరంజామా అక్కరలేదు. సిస్ట్రెన్ చేసినట్టు పదిమంది పిల్లలు హాస్టలు గదిలో కూర్చొని ఒకరి కథ ఒకరు చెప్పుకొంటే మొదటి అంకం తయారవుతుంది. ఒప్పులకుప్ప, గొబ్బిపాట, సమర్త పాట చేర్చుకోవచ్చు. భాష కోసం వెతుక్కోనవసరం లేదు. చిత్తూరు యాసలో సాహిత్యం పండదనుకొన్న రోజుల్లో నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘పచ్చనాకు సాక్షిగా’ రాసి ఆ అనుమానం తీర్చినాడు. మన పిల్లలు ఇంట్లో అమ్మతో పోట్లాడే భాషలోనే నాటకం ఆడవచ్చు. అధ్యాపకులు చేయవలసిన సాయం ఒకటే: ఆ కథలు విని, ఇవి ఇంటి గుట్లని మూయించకుండా ఉండడం. చెప్పినవాళ్ళ పేరు బయట పడకుండా కాపాడడం బృందం బాధ్యత. పదిమంది కథలు కలిసిపోయి ఒక పాత్ర అయినప్పుడు ఏది ఎవరిదో చూసేవారికి తెలియదు. ఆ కలయికలోనే చెప్పినవాళ్ళకు ధైర్యం వస్తుంది.

పాలెగాడు బైరాగికి రాలేదు, తోటికి రాలేదు, దొరకు వచ్చినాడని కథ. అందుకే గంగమ్మకు దొర వేషం తప్పలేదు. చదువుకొన్న ఈ కాలపు పిల్ల దొర వేషం కట్టకుండా, తన పేరుతో, తన గొంతుతో పిలిచినా జవాబు చెప్పవలసిన రోజు రావాలి. ఆ పిలుపు ఎట్లా ఉంటుందో ముందుగా అలవాటు చేసుకోవడానికి కళాశాల వేదిక కంటె అనువైన చోటు లేదు. వచ్చే వార్షికోత్సవానికి విద్యార్థి సంఘం వారు ఈ మాట ఆలోచిస్తారని ఆశిస్తాను.